ముఖాముఖి కాల్పుల మర్యాదపై సర్వసభ్య సమావేశ తీర్మానం

ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, మణుగూరు, అశ్వాపురం, బూర్గంపాడు, సారపాక, గోదావరి దాటితే భద్రాచలం, ఎటపాక, చింతూరు. ఈ ఊళ్లలోనూ, వీటి చుట్టూ అడవి అంచున ఉన్న గూడేల్లోనూ ఆన్‌లైన్ విమాన యుద్ధాల ఆటలు ఆడే మేమంతా పాల్వంచలో సర్వసభ్య సమావేశంగా కూడి, ముఖ్యంగా ఒక అంశంపై చర్చించి ఈ తీర్మానాన్ని ఆమోదించాం. మణుగూరు సభ్యులు ప్రతిపాదించారు, భద్రాచలం సభ్యులు బలపరిచారు. వ్యతిరేకించిన వారి అభిప్రాయాన్ని కూడా వారు కోరిన మాటల్లోనే నమోదు చేశాం.

అంశం ఇది. రెండు ఫైటర్ విమానాలు ముక్కుకు ముక్కు పెట్టుకుని ఎదురెదురుగా దూసుకొస్తూ కాల్చుకోవడాన్ని మన ఆటగాళ్లందరూ హెడ్-ఆన్ అంటారు. మనలో మనం పెట్టుకునే పోటీల్లో దీన్ని ఎప్పుడు ఒప్పుకోవాలి, ఎప్పుడు ఒప్పుకోకూడదు, ఒప్పుకోని చోట ఒకరికొకరు ఎలా దారి ఇవ్వాలి అన్న దానిపై ఇంతవరకూ మనకు రాసి పెట్టుకున్న నియమం లేదు. నియమం లేని చోట తగాదా పుట్టింది. ఆ తగాదాలో ఒక పిల్లవాడు ఆట మానేశాడు.

ఆ సంగతిని ఈ తీర్మానంలో చేర్చాలని సభ్యులు పట్టుబట్టారు, కాబట్టి ఊరూ పేరూ లేకుండా రాస్తున్నాం. పోటీలో ఆఖరి రౌండు. ఒకరిది స్పిట్‌ఫైర్, ఇంకొకరిది పీ-47. స్పిట్‌ఫైర్ నడిపే కుర్రవాడిది అడవి లోపలి గూడెం. ఇంట్లో సిగ్నల్ అందదు కనుక ఊరి చివర గట్టు మీదికి వచ్చి, మొబైల్ డేటాతో ల్యాప్‌టాప్ కలుపుకుని ఆడుతున్నాడు. రెండు విమానాలూ ఎదురెదురుగా వచ్చాయి. ఇద్దరూ కాల్చారు, ఇద్దరూ కూలారు. పీ-47 తెర మీద మాత్రం స్పిట్‌ఫైర్ చివరి క్షణం దాకా పక్కకు తప్పుకోలేదు. స్పిట్‌ఫైర్ తెర మీద తప్పుకుంది. వాయిస్ చాట్‌లో వెంటనే కేకలు: "లాగ్ పెట్టుకొని కొట్టిండన్నా, కావాలనే చేసిండు." గట్టు మీదున్న కుర్రవాడు ఒక్క మాటే అన్నాడు: "అన్నా, నేను పక్కకు తిప్పిన, నా ఫోన్‌ల చూడుండ్రి." ఎవరూ చూడలేదు. అతని ఫోన్‌లో తీసిన వీడియోను ఈ సమావేశంలో తెర మీద వేసి అందరం చూశాం. అతను చెప్పింది నిజం. పీ-47 నడిపిన అతను చెప్పిందీ నిజమే. ఇద్దరూ నిజం చెప్పినా తగాదా వచ్చిందంటే లోపం నియమం లేకపోవడంలో ఉంది.

ఇందులో లెక్క ఏమిటో సమావేశం గమనించింది. ఒక్కో విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వస్తే, రెండూ ఒకదానికొకటి దగ్గరయ్యే వేగం గంటకు 1000 కిలోమీటర్లు. అంటే సెకనుకు 278 మీటర్లు. 600 మీటర్ల దూరంలో కాల్పులు మొదలుపెడితే ఢీకొనడానికి ఉన్న సమయం రెండు సెకన్ల పైచిలుకు మాత్రమే. ఇక నెట్ ఆలస్యం, అంటే లాగ్, 200 మిల్లీసెకన్లు అనుకుందాం. మన అడవి అంచు సిగ్నల్‌కు అది పెద్ద వింత కాదు. ఆ కాస్త ఆలస్యంలో రెండు విమానాల మధ్య దూరం 55 మీటర్లు తరిగిపోతుంది. స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు 11 మీటర్ల చిల్లర. అంటే అయిదు స్పిట్‌ఫైర్లు రెక్కకు రెక్క ఆనించి నిలబెట్టినంత దూరం ఒకరి తెరకూ ఇంకొకరి తెరకూ తేడా. ఎదుటివాడి విమానం ఇప్పుడు ఎక్కడ ఉండొచ్చో మన కంప్యూటర్ పాత సమాచారంతో అంచనా వేసి చూపిస్తుంది. నేరుగా వచ్చే విమానం విషయంలో ఆ అంచనా బాగానే నిలుస్తుంది. అతను ఆఖరి క్షణంలో పక్కకు తిప్పితే మాత్రం, తిప్పిన సంగతి మనకు చేరేసరికి అంతా అయిపోతుంది. వెనక నుంచి తరుముతున్నప్పుడు ఇదే ఆలస్యం ఇంత బాధ పెట్టదు, ఎందుకంటే అప్పుడు రెండు విమానాల వేగాల మధ్య తేడా తక్కువ. తప్పుకున్నవాడు తప్పుకోనట్టు కనిపించడం ముఖాముఖిలోనే ఎక్కువగా జరుగుతుంది.

ఏసెస్ హై అనే పాత ఆటలో ఢీకొన్నప్పుడు ఎవరి తెర మీద ఢీ కనిపించిందో వారి విమానానికే దెబ్బ తగిలేలా పెట్టారు. ఈ చిక్కు ఇప్పటిది కాదని, నెట్ బాగా ఉన్న దేశాల వాళ్లకూ ఉన్నదేనని ఈ ఒక్క ఏర్పాటు చూస్తేనే తెలుస్తుంది. 1980ల చివర్లో ఎయిర్ వారియర్ లాంటి ఆటలు ఫోన్ తీగల మీద నడిచిన రోజుల నుంచీ ఆన్‌లైన్ ఆటగాళ్లకు ఆలస్యంతో పోరాటమే. వార్ థండర్, ఐఎల్-2, డీసీఎస్ ఆడే మనవాళ్లు ఆ పోరాటంలోకి ఆలస్యంగా వచ్చారు. పైగా బలహీనమైన సిగ్నల్‌తో వచ్చారు.

మెషీన్ల సంగతి కూడా సమావేశం చర్చించింది. పీ-47 రెక్కల్లో ఎనిమిది 12.7 మిల్లీమీటర్ల మెషీన్‌గన్లు ఉంటాయి. దాని ఇంజిన్ గాలితో చల్లబడే రేడియల్ ఇంజిన్, ఒకటి రెండు తూటాలు తగిలినా నడుస్తుంది. స్పిట్‌ఫైర్ మెర్లిన్ ఇంజిన్ ద్రవంతో చల్లబడుతుంది. ఆ ద్రవం కారిపోతే ఇంజిన్ కొద్దిసేపట్లో ఆగిపోతుంది. జపాన్ జీరో విమానానికి మొదటి మోడళ్లలో ఇంధన ట్యాంకులకు రక్షణ లేదు. స్పిట్‌ఫైర్, జీరోల బలమంతా మలుపు తిరగడంలో ఉంది. ముఖాముఖిలో మలుపే లేదు. అక్కడ గెలుపును తేల్చేది ఎవరి తుపాకులు బరువైనవి, ఎవరి ఇంజిన్ మొండిది, ఎవరి నెట్ వేగంగా ఉంది అన్నదే. నెలల తరబడి యో-యో అనే విన్యాసం చేయడం, వేగాన్ని ఎత్తుగా మార్చుకోవడం, ఎదుటివాడిని ముందుకు తోసి వెనక చేరడం నేర్చుకున్న వాడి కష్టమంతా ఆ రెండు సెకన్లలో ఎందుకూ కొరగాదు. మన పోటీలు పెట్టుకున్నది ఆ నేర్పును చూడడానికి. కాబట్టి ఒకరితో ఒకరు తలపడే పోటీలో ముఖాముఖి కాల్పులు ఆటను తినేస్తాయని ఈ సమావేశం నమ్ముతున్నది.

అయితే ముఖాముఖి కాల్పులు పిరికివాడి పని అనీ, మోసమనీ కొందరు సభ్యులు అన్న మాటను సమావేశం అంగీకరించలేదు. యుద్ధ చరిత్ర తెలిసిన వారెవరూ అలా అనలేరు. 1916లో జర్మన్ పైలట్ ఓస్వాల్డ్ బోల్కె తన కుర్ర పైలట్లకు రాసిచ్చిన నియమాల్లో, దాడి ఏదైనా వెనక నుంచే చేయాలని ఒక చోట ఉంది. ఇంకో చోట, శత్రువు పై నుంచి దూకితే పారిపోకుండా ముక్కు తిప్పి ఎదురు వెళ్లాలని ఉంది. రెండూ ఒకే మనిషి రాసినవి, రెండూ నిజమే. అదే ఏడాది అక్టోబరు 28న బోల్కె చనిపోయాడు. ఆయన్ని శత్రువు కూల్చలేదు. పోరాటంలో ఉండగా సొంత దళంలోని సహచరుడి విమానం తగిలి రెక్క దెబ్బతింది. నియమాలు రాసిన మనిషినే ఆకాశంలో దారి తప్పిన ఒక్క క్షణం తీసుకుపోయింది.

ఈ చరిత్రలో మన నేలకూ భాగం ఉంది. ఖమ్మం అప్పట్లో నిజాం రాజ్యంలో వరంగల్ జిల్లాలో ఉండేది. భద్రాచలం గోదావరి అవతల మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది.  నిజాం ఇచ్చిన విరాళాలకు గుర్తుగా బ్రిటిష్ వైమానిక దళంలో మూడు స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరు పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో 110, రెండో ప్రపంచ యుద్ధంలో 152, 253. 152 స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. అది 1940లో ఇంగ్లండ్ దక్షిణ తీరాన స్పిట్‌ఫైర్లతో పోరాడి, తర్వాత బర్మా రంగానికి వచ్చింది. హైదరాబాద్ స్టేట్ పేరు మోసిన 253 స్క్వాడ్రన్ హరికేన్లు నడిపింది. 1940 సెప్టెంబరులో గెరాల్డ్ ఎడ్జ్ నాయకత్వంలో ఆ స్క్వాడ్రన్ జర్మన్ బాంబర్ల గుంపులపై నేరుగా ముందు నుంచి వెళ్లి కాల్చేది. బాంబర్ ముక్కు అంతా అద్దం. పైలట్‌కు ఎదురుగా రక్షణ తక్కువ. ఎదురుగా దూసుకొచ్చే హరికేన్లను చూసి గుంపు చెదిరిపోయేది. నిజాం ఖజానాలోని డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? ఖమ్మం, వరంగల్ పరగణాల రైతు కట్టిన శిస్తు కూడా అందులో ఉంది. ఆ రైతుల మునిమనవలం ఇవాళ హెడ్-ఆన్ మర్యాద గురించి కూర్చుని మాట్లాడుకుంటున్నాం. దీన్ని సమావేశం గర్వంగానే నమోదు చేస్తున్నది.

హైదరాబాద్‌లో పుట్టి, 1942లో భారత వైమానిక దళంలో అధికారిగా చేరి, ఆ యుద్ధ కాలంలోనే హరికేన్లు, స్పిట్‌ఫైర్లు నడిపి, 1978 నుంచి 1981 వరకు వైమానిక దళాధిపతిగా పనిచేసిన ఇద్రిస్ హసన్ లతీఫ్ పేరును కూడా సమావేశం స్మరించుకున్నది. మన పిల్లలు తెర మీద ఎక్కే విమానాలను మన రాష్ట్రం మనిషి నిజంగా ఎక్కాడని వారికి తెలియాలి.

మళ్లీ ముఖాముఖి దాడుల విషయానికి వస్తే, 1942 నవంబరు 23న ఫ్రాన్స్‌లోని సాఁ నజేర్ మీద జర్మన్ పైలట్ ఎగోన్ మేయర్ దళం అమెరికన్ బీ-17 బాంబర్లను ముందు నుంచి కొట్టింది. వెనక వైపు తుపాకులు దట్టంగా ఉన్న ఆ బాంబర్‌కు ముందు వైపు బలహీనమని వాళ్లు కనిపెట్టారు. అమెరికన్లు తర్వాతి మోడల్ బీ-17జీకి గడ్డం కింద రెండు తుపాకులున్న టరెట్ పెట్టారు. పసిఫిక్ యుద్ధంలో అమెరికన్ పైలట్ జాన్ థాచ్ వాడిన ఎత్తుగడ ఇంకా నేర్పైనది. జీరో కంటే మలుపులో వెనకబడ్డ రెండు అమెరికన్ వైల్డ్‌క్యాట్ విమానాలు అటూ ఇటూ అల్లుకుంటూ ఎగురుతాయి. ఒకదాని తోక పట్టుకుని వచ్చే జీరో ఇంకొకదాని ముక్కు ఎదుటకు వచ్చి పడుతుంది. 1942 జూన్‌లో మిడ్‌వే పోరులో దాన్ని వాడారు. బలహీనమైన విమానం, తోడున్న మిత్రుడి నమ్మకం మీద, బలమైన దాన్ని ఎదుర్కొన్న తీరు అది. దాన్ని మర్యాద లేని పని అనడానికి ఎవరికీ నోరు రాదు.

వీటన్నిటినీ దృష్టిలో ఉంచుకొని ఈ సమావేశం తీర్మానిస్తున్నది.

ఒకరితో ఒకరు తలపడే మన పోటీలన్నిటిలో మొదటి ఎదురుపాటులో కాల్పులు ఉండవు. రెండు విమానాలూ ఒకదాన్నొకటి దాటి, రెక్కలు రెక్కలను దాటిన తర్వాతే పోరాటం మొదలైనట్టు. దాటేటప్పుడు ఇద్దరూ కుడికి తిప్పాలి, ఎదుటివాడు మన ఎడమ పక్క నుంచి పోవాలి. ఈ పద్ధతి మేము కల్పించింది కాదు. ఎదురెదురుగా వచ్చే విమానాలు రెండూ కుడికి మళ్లాలన్నది ప్రపంచమంతా పాటించే పౌర విమానయాన నియమం. వైమానిక దళాల సాధన పోరాటాల్లో కూడా ఎదుటివాడిని ఎడమ పక్కగా దాటించడం, ఎదురుగా తుపాకీ దాడి చేయకపోవడం నియమంగా పాటిస్తారు. ప్రాణాలతో చెలగాటం లేని మన ఆటలో అదే పద్ధతి ఉంటే నేర్పు బయటపడుతుంది.

దీనిపై ఒక హెచ్చరిక ప్రత్యేకంగా రాయమని సభ్యులు కోరారు. మన కుర్రాళ్లు రోజూ పాల్వంచ, భద్రాచలం రోడ్డు మీద బండి నడుపుతారు. బొగ్గు లారీ ఎదురుగా వస్తే చెయ్యి తనంతట తానే ఎడమకు పోతుంది. మన దేశపు రోడ్డు నియమం అది. ఆకాశంలో అదే చెయ్యి ఎడమకు తిప్పితే, కుడికి తిప్పిన ఎదుటివాడి ముక్కు మీదికే పోతాం. కొత్తగా చేరిన వారిలో చాలామంది ఇలాగే ఢీకొడుతున్నారు, తిట్లు తింటున్నారు. కాబట్టి ప్రతి కొత్త ఆటగాడితో పాత ఆటగాడు కాల్పులు లేకుండా కుడికి దాటే సాధన ముందుగా చేయించాలి. "తమ్ముడూ, రోడ్డు మీద ఎడమ, ఆకాశంలో కుడి" అని చేతులతో చూపించి చెప్పాలి. సాధన పూర్తికాని వారిని పోటీలోకి పిలవడం పిలిచినవారి తప్పుగా లెక్కిస్తాం.

దూరం తెర మీద కనిపించే ఆటల్లో, వెయ్యి మీటర్లు ఉండగానే కుడి మళ్లింపు మొదలుపెట్టాలి. అప్పటికి ఢీకొనడానికి మూడున్నర సెకన్లు మిగిలి ఉంటుంది, నెట్ ఆలస్యం దాన్ని తినేయలేదు. దూరం చూపించని ఆటల్లో ఎదుటి విమానం రెక్కలు రెండు గీతల్లా విడివిడిగా కనిపించిన వెంటనే మళ్లాలి. ఆఖరి క్షణం దాకా ఆగి, ఎవడు ముందు తప్పుకుంటాడో చూద్దామనే పందెపు ధోరణిని ఈ సమావేశం పూర్తిగా నిషేధిస్తున్నది. తప్పుకోవడం ఓటమి కాదు, మన నియమం ప్రకారం తప్పుకోకపోవడమే తప్పు.

మొదటి ఎదురుపాటులో కాల్చి కూల్చితే ఆ గెలుపు లెక్కలోకి రాదు, రౌండు మళ్లీ ఆడాలి. అదే ఆటగాడు అదే పోటీలో రెండోసారి చేస్తే ఆ రౌండు ఎదుటివారిది. ఇద్దరూ కాల్చి ఇద్దరూ కూలితే ఎవరికీ పాయింటు లేదు. ఆట నడుస్తూ ఉండగా, అంటే మొదటి దాటు అయిపోయాక, మళ్లీ ముక్కులు ఎదురుపడితే ఏం చేయాలన్నది చర్చలో ఎక్కువ సమయం తీసుకుంది. దానికీ కాల్పులు వద్దని చాలామంది అన్నారు. కానీ వెనక పడ్డవాడు తిరిగి ముక్కు చూపించగలగడం కూడా ఒక నేర్పే కాబట్టి, అక్కడ కాల్పులు అనుమతించాలని చివరకు నిర్ణయించాం. అయినా ఢీకొనే దారిలో ఉంటే కుడికి తప్పుకోవాలన్న నియమం అప్పుడూ వర్తిస్తుంది.

జట్టు పోటీల్లో ఈ నిషేధం వర్తించదు. బాంబర్ల మీద ముఖాముఖి కాల్పులు చేయవచ్చు. ఇద్దరు ఒక్కడి మీద పడినప్పుడు ఆ ఒక్కడు ఏం చేసినా తప్పు లేదు. పై నుంచి దూకినవాడికి కింద ఉన్నవాడు ముక్కు చూపించి కాల్చవచ్చు. ఎత్తు, వేగం, తోడు అన్నీ తన వైపు ఉన్నవాడు మాత్రం బలహీనుడి మీద ముఖాముఖికి దిగడం మనకు తగదని సమావేశం అభిప్రాయపడింది. దీన్ని శిక్ష లేని మాటగానే నమోదు చేస్తున్నాం, ఎందుకంటే దీన్ని తూచే తక్కెడ మన దగ్గర లేదు.

బయటి సర్వర్లలో ఎవరెవరితోనో ఆడేటప్పుడు మన నియమం వాళ్లకు తెలియదు. వాళ్లు కాల్చితే మనమూ కాల్చుకోవచ్చు. కాల్చినందుకు చాట్‌లో తిట్టకూడదు. కూలినా, కూల్చినా సెల్యూట్ రాసి బయటికి రావాలి.

ఈ తీర్మానంలో మాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇక్కడుంది. ఎవరి నెట్ ఆలస్యంగా ఉందో వారిని మోసగాడని, లాగ్ పెట్టుకుని ఆడుతున్నాడని ఆధారం లేకుండా అనకూడదు. ఖమ్మం పట్నంలో ఫైబర్ ఉన్నవాడికీ, అడవిలో టవర్ కోసం గట్టెక్కిన వాడికీ ఒకే సిగ్నల్ రాదు. గాలివాన వస్తే కరెంటు పోతుంది, టవర్ పడుకుంటుంది. ఇది ఆ పిల్లవాడి ఎంపిక కాదు. గూడేల నుంచి వచ్చిన కోయ పిల్లల మాట తీరును, ఊరిని, కులాన్ని, తెగను వెక్కిరించినవారు ఎంతటి ఆటగాళ్లయినా ఆ పోటీ నుంచి వెంటనే తొలగించబడతారు. ఇందులో రెండో అవకాశం లేదు. ఫిర్యాదు ఉన్నవారు రీప్లే గానీ, ఫోన్ వీడియో గానీ చూపించాలి. ఇద్దరి తెరల వీడియోలూ పక్కపక్కన వేసి చూశాకే తీర్పు చెప్పాలి. ఇద్దరి తెరలూ రెండు రకాలుగా చూపిస్తే, తప్పుకున్నానని ఎవరి తెర చెబుతుందో వారి మాటే నమ్మాలి. ఇది కొందరికి ఎక్కువ ఉదారంగా అనిపించవచ్చు. లాగ్ ఉన్నవాడికి సాయం చేయడమే దీని ఉద్దేశం.

గట్టు మీద ఆడిన ఆ పిల్లవాడిని తిరిగి పిలవాలి. ఆ రౌండును రద్దు చేస్తున్నాం. ఆ రౌండు మళ్లీ ఆడించాలి, పాల్వంచ సభ్యులు తమ ఇంట్లోని కనెక్షన్ మీద అతనికి సీటు ఇస్తామని ముందుకు వచ్చారు. పీ-47 నడిపిన సభ్యుడు సమావేశంలోనే లేచి, "వాణ్ణి నేనే పోయి తీసుకొస్త" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

పోటీల తేదీల గురించి కూడా నిర్ణయించాం. గోదావరి వరదల రోజుల్లో పోటీలు పెట్టకూడదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. రెండో హెచ్చరిక వచ్చిన రోజు నుంచి అది ఎత్తేసే వరకు అన్ని పోటీలూ వాయిదా. ఆ రోజుల్లో ఎవరైనా ఆటకు రాకపోతే ఓడినట్టు రాయకూడదు. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు నీరు వచ్చిన ఊళ్ల మనుషులం. ఎత్తు ప్రాంతాల వాళ్లు ఆట గురించి ఆలోచిస్తున్నప్పుడు ఒడ్డు ఊళ్ల వాళ్లు బియ్యం బస్తాలు పైకి ఎక్కిస్తుంటారని గుర్తుంచుకోవాలి. పదో తరగతి, ఇంటర్ పరీక్షల రోజుల్లో కూడా పోటీలు ఉండవు.

డబ్బు పందేలు ఉండవు. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఆటలను నిషేధిస్తూనే, ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది. ఆ గుర్తింపు మన పిల్లలకు పనికి రావాలంటే మన పోటీల్లో చాటుమాటు పందెం ఒక్కటి కూడా ఉండకూడదు. హెడ్-ఆన్ మీద, ఎవడు తప్పుకుంటాడన్న దాని మీద పందెం కాసిన వారిని పోటీల నుంచి శాశ్వతంగా తొలగిస్తాం.

వ్యతిరేక అభిప్రాయం. కొత్తగూడెం సభ్యుల్లో కొందరు ఈ విధంగా నమోదు చేయమన్నారు: "ఆట యుద్ధం మీద ఉంది. యుద్ధంలో మర్యాద అడగడం తప్పు. పీ-47ను ఎంచుకున్నవాడు దాని తుపాకులను వాడుకోకూడదంటే ఆ విమానాన్ని పోటీలో పెట్టకండి." వారి మాటలో బలం ఉందని సమావేశం ఒప్పుకుంది. పీ-47 బలం ముఖాముఖిలోనే లేదు, ఎత్తు నుంచి దూకి, కొట్టి, వేగంతో పైకి పోవడంలో కూడా ఉందని, ఆ బలాన్ని ఎవరూ అడ్డుకోవడం లేదని జవాబు చెప్పాం. వారు పూర్తిగా ఒప్పుకోలేదు. అందువల్ల బరువైన విమానాలకు ఎక్కువ ఎత్తు నుంచి మొదలుపెట్టే అవకాశం ఇవ్వాలా అన్నది తర్వాతి సమావేశానికి వదిలాం. ఓటింగులో తీర్మానం ఎక్కువ మంది మద్దతుతో నెగ్గింది. వ్యతిరేకించినవారు నియమం పాటిస్తామని మాట ఇచ్చారు.

ఈ తీర్మానం వచ్చే పోటీ మొదటి రౌండు నుంచి అమల్లోకి వస్తుంది. దీని ప్రతిని ప్రతి ఊరి సభ్యులకూ పంపాలి. సిగ్నల్ లేని గూడేలకు కాగితం మీద రాసి, ఆ ఊళ్లకు పోయే బస్సులో తెలిసిన మనిషి చేతికి ఇచ్చి పంపాలి. పోటీ మొదలయ్యే ముందు రెఫరీ ఈ తీర్మానంలోని కుడి మళ్లింపు నియమాన్ని, లాగ్ గురించి రాసిన భాగాన్ని గట్టిగా చదవాలి. చదవకుండా మొదలుపెట్టిన రౌండు చెల్లదు.